గాజుపెట్టె, తూక్కుగుండు

ముఖ్యవక్త శివప్రకాశం ఇంకా న్యాయం గురించే మాట్లాడుతున్నాడు. వేదిక మీద నా కుర్చీ అతని మైకుకి కాస్త వెనక పడింది కాబట్టి నాకు ముఖం కనబడదు, ఇస్త్రీ కాలరూ, దాని మీద నల్లరంగు వేసిన జుట్టు కింద దొంగతనంగా తెల్లబడుతున్న మొదళ్లూ కనబడతాయి, న్యాయం అన్నప్పుడల్లా ఆ మెడ చిన్న కుదుపు కుదుపుతుంది, ఎవరో చక్కిలిగింత పెట్టినట్టు. తమిళంలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి ఎక్కి, ఇది తెలుగు శాఖ పిలిచిన సభ అని గుర్తొచ్చినప్పుడు తెలుగులోకి దిగుతున్నాడు, దిగిన ప్రతిసారీ మెట్టు తప్పుతున్నాడు. మా వెనక బ్యానరు మీద ‘సాహిత్యంలో న్యాయభావన: తులనాత్మక అధ్యయనం’ అని ఉంది, పక్కన త్రాసు బొమ్మ, ఒక తట్ట కింద నా పేరు, ప్రభాకరన్, విశ్రాంత ఆచార్యులు, గుడియాత్తం, నన్ను తూకానికి వేసి తేలికగా ఉన్నానని కింద పడేసినట్టు. బయట సత్తువాచారి ఊరి ఎండ కిటికీ ఊచల్ని నేల మీద గీస్తోంది. ఇందాక మంచినీళ్లు పెట్టడానికి వచ్చిన ఆయా, ఎవరూ చెప్పకుండానే, స్టాండు ఫ్యాను మెడ పట్టుకుని నా వైపు తిప్పి వెళ్లిపోయింది. పొద్దుటి నుంచి ఈ హాల్లో జరిగిన న్యాయం అదొక్కటే.

నేనూ ముప్ఫై ఏళ్లు ఈ సరుకే అమ్మాను. నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత, అటు తెలుగు కథ, ఇటు తమిళ కథ. తెలుగు కథలో దుర్మార్గుణ్ణి పాము కరుస్తుంది, తమిళ కథలో వాడి ఇల్లు అంటుకుంటుంది, పిల్లలూ, పోలికలు రాయండి, భేదాలు రాయండి. రాశారు పాపం, పేజీలకు పేజీలు. పాము ఎందుకు వచ్చిందని ఒక్కరూ అడగలేదు. కథ అయిపోవస్తోంది కాబట్టి వచ్చింది, ఇంకెందుకు. రచయితకి కాగితాలు అయిపోతున్నప్పుడు దుర్మార్గుడికి పక్షవాతం రావాలి, లేకపోతే పిడుగు పడాలి, ఏదీ కుదరకపోతే కొడుకన్నా ఎదురు తిరగాలి, పాఠకుడు తృప్తిగా పుస్తకం మూసి భోజనానికి లేవాలి. పుస్తకానికి వెనక అట్ట ఉంది కాబట్టి అందులో న్యాయం ఉంది. నా భార్య దేవకి చనిపోయాక నేను ఆ అట్ట దాకా చదివిన పుస్తకం లేదు, మధ్యలోనే వదిలేస్తాను, దుర్మార్గుడు ఇంకా హాయిగా కాఫీ తాగుతున్న పేజీ దగ్గర. తులనాత్మక అధ్యయనమంటే ఒకే అబద్ధాన్ని రెండు భాషల్లో పక్కపక్కన కూర్చోబెట్టి సంబంధం కుదర్చడం. శివప్రకాశం ఇప్పుడు అదే పెళ్లి చేస్తున్నాడు, మంత్రాలు ఇంగ్లీషువి.

నా కాళ్ల మధ్య గుడ్డసంచి ఉంది. అందులో రెండు వస్తువులు. ఒకటి పెరుగన్నం డబ్బా, నాకు షుగరు, సభల్లో పెట్టే భోజనం పడదు, పొద్దున లేచి ఒక గ్లాసు బియ్యం నేనే పెట్టుకుని, మెత్తగా చిదిపి, పెరుగు కలిపి తెచ్చుకుంటాను. రెండోది గుండు. గోడ నిటారుగా లేస్తోందో లేదో చూడ్డానికి మేస్త్రీలు దారానికి కట్టి వదిలే ఇనుప గుండు, మా వైపు తూక్కుగుండు అంటారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంటే పళ్లికొండ దాటేదాకా తొడ మీద దాని బరువు తెలుస్తూనే ఉంది, నిద్రపోయిన పిల్లి బరువు. కండక్టరు టిక్కెట్టు చింపుతూ ‘ఎన్న సార్, సంచిలో దేవుడా’ అన్నాడు. దేవుడైతే ఇంత బరువుండడు నాయనా అన్నాను. అతను నవ్వి పక్క సీటులో ఎవర్నీ కూర్చోనియ్యలేదు. అలాంటివి నేను మరిచిపోను. మరిచిపోకపోవడం తప్ప ఇంకేం చేతకాదు నాకు.

తెర మీద మా ఇంటి గుమ్మం పడింది. నా గుమ్మమే, గుడియాత్తంలో మండీ వీధిలోది, పక్కన గోడ మేకుకి వేలాడుతున్న ఈ గుండు. పోయిన ఏడాది శివప్రకాశం ఆలస్యంగా పరామర్శకని వచ్చి, ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా తీశాడు. కింద అక్షరాలు పడ్డాయి, స్వీయశిక్ష. ‘ఇదిగో చూడండి,’ అంటున్నాడు, ‘ఈ మేస్త్రీ తన తప్పుకు తానే తీర్పు చెప్పుకున్నాడు, తన పనిముట్టును శాశ్వతంగా త్యజించాడు, ఇది మౌఖిక సంస్కృతిలో న్యాయానికి ప్రతీక.’ ప్రతీక. ఇనుపముక్కని ఇనుపముక్కగా ఉండనివ్వరు. కాలి మీద పడితే తెలుస్తుంది ప్రతీకో కాదో. అసలు సంగతి నేను అతనికి రెండుసార్లు చెప్పాను, ఇంట్లో ఒకసారి, ఫోన్లో ఒకసారి. గుడియాత్తంలో మా వీధి వెనక వీధి అంతా మేస్త్రీల ఇళ్లే, తాతల కాలం నుంచి తెలుగే మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు, గోడలు కడతారు. వాళ్లు కట్టింది కూలి ఎవరికన్నా దెబ్బ తగిలితే, ఆ మేస్త్రీ తన గుండు తెచ్చి ఆ ఇంటి గుమ్మం దగ్గర తగిలించి పోతాడు. అంతటితో అతని పని ఆగిపోతుంది. ఆ ఇంటివాళ్లు ఎప్పుడో ఒక రోజు అతన్ని అన్నానికి పిలుస్తారు. ఖాళీ కడుపుతో వస్తాడు, మంచినీళ్లు కూడా తాగకుండా. ఆ ఇంటి పొయ్యి మీద ఉడికిన అన్నం ఆ ఇంటివాళ్ల చేతి మీదుగా తింటాడు, గుండు చేతిలో పెడతారు, మర్నాటి నుంచి మళ్లీ మేస్త్రీ. పిలవకపోతే లేదు. శాశ్వతంగా త్యజించడమేమిటి, అది ఒక ప్రశ్న వేసి గుమ్మంలో నిలబడటం. ఇదంతా విని శివప్రకాశం ఏమన్నాడో తెలుసా. ‘బ్యూటిఫుల్ సార్, కానీ అన్నం మన ఫ్రేములోకి రాదు. ఫుట్‌నోట్‌లో పెడతాను.’ ఒక మనిషి నోటి దగ్గరి అన్నాన్ని ఫుట్‌నోట్‌లో పెట్టాడు.

అతన్ని తిట్టుకోవడం నాకు సుఖంగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ మేస్త్రీని, గోవిందరాజును, తిట్టుకోవడం కూడా చాలా కాలం సుఖంగానే ఉండింది. మా డాబా మీది పిట్టగోడ అతను కట్టిందే. దేవకి వడియాలు ఎండబెట్టడానికి పైకి వెళ్లి, కింద ఆకుకూరలమ్మి కేక విని, పిట్టగోడ మీద చేతులాన్చి ముందుకు వంగింది, ‘కాంతమ్మా, పొన్నగంటి ఉంటే నిలు’ అంది, నేను కింద వరండాలో పేపరు చదువుతూ విన్నాను, పొన్నగంటి దాకానే విన్నాను, తర్వాతది మాట కాదు. గోడతోపాటు కింద పడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది, ఆస్పత్రిలో నర్సు ఒకమ్మాయి రోజూ దేవకికి జడ వేసి వెళ్లేది, అది ఆమె పని కాదు. అయినా మంచం దిగలేదు, ఆ చలికాలం దాటలేదు. ఆమె పడిన రోజు సాయంత్రమే గోవిందరాజు వచ్చి గుండు తగిలించాడు. ఒక్క మాట అనలేదు. ప్రతి అమావాస్యకీ వచ్చి వీధిలో నిలబడేవాడు, స్తంభంలాగా, దేవకి లోపల్నుంచి ‘ఎండలో నిలబడినాడు, మజ్జిగన్నా ఇయ్యండి’ అనేది. మజ్జిగ లెక్కలోకి రాదు, అన్నం కావాలి, ఆ సంగతి ఆమెకీ తెలుసు. మజ్జిగ తాగకుండా వెళ్లిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది. వాదించు, నా తప్పేం లేదను, ఇసక బాగాలేదను, వాన ఎక్కువ పడిందను, ఏదో ఒకటి అను, నేను కాదనాలి, కేక వెయ్యాలి, కాలరు పట్టుకోవాలి. ఈ మూగ మొహాన్ని ఏం చేసుకోను. ఒక విలన్‌గా కూడా పనికిరాని మనిషి.

ఇప్పుడు మేల్పాడి దగ్గర ఎవరిదో మామిడితోటకి కాపలా ఉంటున్నాడట. ముత్తమ్మ, అతని భార్య, ఇదివరకు మొగుడికి సిమెంటు చట్టి అందించేది, ఇప్పుడు ఇంకో మేస్త్రీ కింద మోస్తోంది, గుడియాత్తం బస్టాండు దగ్గర ఒకసారి కనబడి తల మీది చట్టి దించకుండానే ‘బాగుండారా నాయనా’ అంది. ఇంకేమీ అడగలేదు. మనిషి నడవడానికి దారి వదిలి పక్కకు నిలబడింది. ఆ రాత్రి నేను అన్నం తిన్నాను, మామూలుగానే.

హాల్లో టీ ఇస్తున్నారు. ఫ్యాను తిప్పిన ఆయాయే, ట్రేలో కాగితం కప్పులు, బిస్కట్లు, వరసల మధ్య నడుస్తోంది. ఆమె చివరి వరసకి వెళ్లేసరికి నా చూపూ వెళ్లింది. తలుపు పక్కన ఒక తెల్లచొక్కా, ఇంకా మడత విరగనిది, పక్కన మెరూన్ చీర, తల్లో కనకాంబరాలు. నేను కళ్లజోడు సర్దుకున్నాను. గోవిందరాజు. ముత్తమ్మ. ఆయా కప్పు చాపింది, గోవిందరాజు చెయ్యి అడ్డం పెట్టాడు. బిస్కట్లు చూపించింది, ముత్తమ్మ తల ఊపింది, వద్దని, నవ్వుతూ, పెళ్లికి వచ్చినవాళ్లు వద్దన్నట్టు. ఆయా మంచినీళ్ల సీసా ఇచ్చింది. ముత్తమ్మ అది పుచ్చుకుని, మూత తియ్యకుండా, కాళ్ల దగ్గర పెట్టుకుంది.

మంచినీళ్లు కూడా.

పక్క కుర్చీలో ఉమామహేశ్వరి, ఈ శాఖలో అధ్యాపకురాలు, సభ ఏర్పాట్లన్నీ ఆమెవే, శాలువాలు మడత పెట్టుకుంటోంది. వాళ్లని ఎవరు పిలిచారమ్మా అని గొణిగాను.

‘నేనే సార్. శివప్రకాశం సార్ చెప్పినారు, ఆ మేస్త్రీ కూడా ఉంటే ఫోటో బాగుంటాదని. ప్రభాకరన్ సార్ గుండు తీసుకొని వస్తా ఉండారు, మీరూ రండి, మధ్యాహ్నం అన్నం కూడా ఉండాదని ఫోన్లో చెప్పినా. ఆయమ్మ ఫోన్లోనే ఏడ్చేసింది సార్. మన సభ మీద అంత ప్రేమ.’

‘మన సభ మీద,’ అన్నాను.

‘అవును సార్. విడికాలనే, బాగా తెల్లారకముందే వచ్చేసినారు. గేటు కూడా తెరవలేదు అప్పటికి. టిఫిను తినండి అంటే వద్దనినారు. మొహమాటం సార్, పల్లెటూరోళ్లు గదా.’ శాలువా అంచు నిమిరింది. ‘అయినాక గుండు మీరు ఆ పెట్టెలో పెడితే చాలు సార్. తాళం నా దగ్గరే ఉండాది.’

వేదిక పక్కన బల్ల మీద గాజుపెట్టె ఉంది. లోపల ఎర్ర వెల్వెట్టు, దాని మీద గుండు కోసం గుంట కూడా చేశారు, కొలత నేనే ఫోన్లో చెప్పాను. సరే తీసుకోండి అని నేనే ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నన్నెవరూ అడగలేదు, గౌరవం కోసం అనుకున్నారు, శాలువా కోసం అనుకున్నారు. నా ఇంట్లోంచి పోవాలి, ఆ మేస్త్రీ ఇంటికి పోకూడదు, అందుకు ఒప్పుకున్నాను. మ్యూజియం కన్నా మంచి చోటేముంది, అక్కడ ఏ ప్రశ్నకీ జవాబు అక్కర్లేదు, లేబులు చాలు.

ఎందుకంటే రావిమొక్క ఉంది. ఆ మొక్క సంగతి శివప్రకాశానికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. పిట్టగోడ పగుల్లో ఒక రావిమొలక లేచింది, కూలడానికి రెండు వానాకాలాల ముందు. గోవిందరాజు మరేదో చిన్న పనికి వచ్చి చూశాడు. ‘అమ్మా, దీన్ని పీకేస్తా, వేరు లోపలికి పోయిండాది,’ అన్నాడు. ‘వద్దు గోవిందరాజూ,’ అంది దేవకి, ‘రావి పీకితే పాపం. అదేం తింటాది పాపం, గుక్కెడు నీళ్లు.’ ‘సరి మా,’ అన్నాడు. దేవకి దానికి రోజూ చెంబుతో నీళ్లు పోసింది. తులసికి పోసినన్ని పోసింది. ఆమె పడిన సాయంత్రం, అతను గుండు తగిలించి, కింద పడిన ఇటుకల దగ్గరికి వెళ్లి వంగి, రెండు ఇటుకల్ని కరిచి పట్టుకున్న వేరును విడదీసి, భుజం మీది తువ్వాలులో చుట్టుకుని తీసుకుపోయాడు. ఎవరి కంటా పడకూడదని. నా కంటపడింది. ఆ వేరే అతనికున్న ఒక్క సాక్ష్యం, దాన్ని తువ్వాల్లో చుట్టి యాడనో పారేశాడు, మంచం మీదున్న మనిషికి వినబడకుండా. అందుకే గుండు మేకుకి అలాగే ఉంచాను. అది వేలాడినంత కాలం తప్పు అతనిది. తిరిగి ఇచ్చేస్తే మిగిలే ముద్దాయి దేవకి, చేతిలో చెంబుతో.

శివప్రకాశం ముగింపుకి వచ్చినట్టున్నాడు, మెడ తొందరపడుతోంది. తప్పు, ఒప్పుకోలు, శిక్ష, మూడు మెట్లు, తెలుగులో ఇలా, తమిళంలో ఇలా, తెర మీద బాణాలు గీసిన పటం. ఆ పటం చూస్తుంటే అసహ్యం వేసింది, నాది కాబట్టి వేసింది, నల్లబల్ల మీద నేను గీసిందే, నాలుగేళ్లుగా ఇంట్లో నేను గీసుకుంటున్నదే. ఎవరో ఒకడు దోషి కావాలి నాకు. ఒకణ్ణి విడిపిస్తే ఇంకొకర్ని బోనెక్కించాలనుకున్నాను. మేస్త్రీల ఆనవాయితీలో యాడుందది? ఎవరి తప్పు అని అందులో ఎవరూ అడగరు. ఇసకా, వానా, రావిచెట్టా, ఏదీ లేదు. పడింది, దెబ్బ తగిలింది, గుండు వచ్చింది, అన్నం పెట్టు, గుండు ఇయ్యి. బోనే లేదు, దేవకి ఎక్కడ ఎక్కుతుంది? ఇంత చిన్న సంగతిని నేను నవలలాగా చదువుకుంటూ కూర్చున్నాను, చివరి పేజీ కోసం, తప్పు చేసినవాడి మీద పాము ఎప్పుడొచ్చి పడుతుందా అని. చదువుకున్న గాడిద అని మా నాయన నన్ను ఊరికే అనలేదు.

అయితే ఇప్పుడేం చెయ్యాలి. భోజనాల హాల్లో వాళ్లకి విస్తరి వేస్తారు, క్యాటరింగు సాంబారు పోస్తారు. అది నా అన్నం కాదు. వాళ్లు తినరు. గుండు పెట్టెలోకి పోవడం చూస్తారు, తాళం పడటం చూస్తారు. అప్పటికీ ముత్తమ్మ కేకలు వెయ్యదు, బాగుండారా నాయనా అంటుంది. ఇద్దరూ లేచి, కొత్త చొక్కా మడతలు అలాగే ఉండగా, కాట్పాడి మీదుగా మేల్పాడి బస్సు ఎక్కుతారు, ఖాళీ కడుపులతో.

చప్పట్లు. ‘ఇప్పుడు మన ప్రభాకరన్ సార్,’ అన్నాడు శివప్రకాశం, తిరిగాడు, ముఖం కనబడింది, మంచి ముఖమే, మంచి ముఖాలకి కొదవేముంది. ‘గోవిందరాజు గారు కూడా ముందుకు రావాలి. సార్ చేతుల మీదుగా ఆ న్యాయప్రతీకను...’

సంచి తీసుకుని లేచాను. మైకు వైపు పోలేదు. మెట్లు మూడూ దిగాను, మోకాలు పట్టేసింది, ఆయా వచ్చి మోచెయ్యి కింద చెయ్యి వేసింది. వెనకనుంచి ‘సార్, ఇక్కడ సార్, కెమెరా ఇక్కడుంది’ అని వినబడింది. వరసల మధ్య నడుస్తుంటే తలలు తిరిగాయి. గోవిందరాజు లేచి నిలబడ్డాడు, అదే స్తంభం, అదే మూగ మొహం, నాకు ఇప్పటికీ ఆ మొహం నచ్చలేదు. జాలి ఏమీ కలగలేదు. కలగాలని ఎవరూ అడగలేదు కూడా.

‘కూర్చో,’ అన్నాను.

కూర్చున్నాడు. నేను సంచిలోంచి డబ్బా తీశాను. ముత్తమ్మ డబ్బా వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు.

‘ఇది ఈడిదా నాయనా?’

‘కాదమ్మా. మా ఇంటిది. పొద్దున నేనే వండినా.’

‘మీ పొయ్యి మీదనే?’

‘మా పొయ్యి మీదనే.’

‘అట్లయితే సరి,’ అంది. సీసా మూత తిప్పి మొగుడి చేతి మీద నీళ్లు పోసింది, వాళ్ల కాళ్ల దగ్గర సిమెంటు నేల తడిసింది, ఎవరో నాలుక చప్పరించారు. డబ్బా మూతలో అన్నం పెట్టాను. చెంచా ఉంది గాని చేత్తోనే పెట్టాను. గోవిందరాజు ముద్ద చేశాడు, నోట్లో పెట్టుకున్నాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. శివప్రకాశం మైకులో మెల్లగా ఎవరికో ‘వీడియో తీస్తున్నారా’ అన్నాడు, అదీ అందరికీ వినబడింది. గోవిందరాజు మింగాడు. నాలుగేళ్లలో మొదటిసారి నాతో నోరు తెరిచాడు.

‘ఉప్పు చాల్లేదు సార్.’

‘నోరు మూసుకోని తిను,’ అంది ముత్తమ్మ. ‘ఇన్నేండ్లకి పిలిచి పెట్టిన అన్నం. దాన్లో ఉప్పు గావాల్నంట మొగోడికి.’ అంటూనే చీర చెంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది.

దేవకి పోయాక నా వంటకి వంక పెట్టిన మనిషి లేడు. రోజూ అదే గ్లాసు బియ్యం, అదే పెరుగు, ఉప్పు వేశానో లేదో చూసుకునే పని లేదు, తినేది నేనే, బాగుందో బాగాలేదో చెప్పేవాళ్లు ఎవరు. ఆమె మాత్రం మొదటి ముద్దకే మొహం పెట్టేది.

‘నిజంగానే లేదా?’ అన్నాను.

‘లేదు సార్,’ అన్నాడు గోవిందరాజు, ఇంకో ముద్ద చేసుకుంటూ.

అతను మూత ఖాళీ చేసేదాకా నిలబడి, గుండు కోసం సంచిలో చెయ్యి పెట్టాను.